కవరు చింపకండి

ఆదివారం పొద్దున ఆబిడ్స్‌లో పెద్ద దుకాణాల షట్టర్లన్నీ దించేసి ఉంటాయి. వాటి ముందున్న ఫుట్‌పాత్ పుస్తకాల వాళ్లది. మీరు ఇంజనీరింగ్ గైడ్లు దాటారు, ఎవరో శ్రద్ధగా బైండు చేయించుకున్న పాత వారపత్రికలు దాటారు, కుప్పపోసిన ఇంగ్లీషు నవలలు దాటారు. ఒక మూసిన షట్టరు మెట్టు మీద నీలం టార్పాలిన్ పరుచుకుని ఒకాయన కూర్చున్నాడు. ఆయన దగ్గర పుస్తకాల్లేవు. చిల్లు కానులు, ఇత్తడి తాళం కప్పలు, ఎప్పుడో ఆగిపోయిన చేతి గడియారాలు. పక్కనే బూట్ల అట్టపెట్టె, నిండా కవర్లు.

కింద కూర్చోండి. నిలబడి చూస్తే ఇందులో ఏమీ కనపడదు.

"చూడున్రి సార్, మంచిగ చూడున్రి. చూస్తె పైసల్ లేవ్" అంటాడాయన మీ వైపు చూడకుండానే.

పైపైన ఉన్నవి పెళ్లి శుభలేఖల కవర్లు, బ్యాంకు నోటీసులు. చేతికి దుమ్ము అంటుకుంటోంది. ఇంకాస్త లోపలికి చెయ్యి పెడితే కాగితం పలచబడింది. అంచుల్లో ఎరుపు, నీలం గీతలున్న ఎయిర్‌మెయిల్ కవర్లు, రబ్బరు బ్యాండు వేసి కట్టలుగా. రబ్బరు ఎప్పుడో కరిగి కాగితానికి అంటుకుపోయింది. కువైట్, బహ్రెయిన్, ఒమన్, సౌదీ, దుబాయ్. తపాలా బిళ్లల మీద తలపాగా చుట్టుకున్న షేకులు, చమురు బావులు, డేగలు. చిరునామాలు మాత్రం జగిత్యాల, కోరుట్ల, ఆర్మూర్, సిరిసిల్ల. కొన్నింటి మీద బాల్‌పెన్నుతో ఒత్తి రాసిన తెలుగు, ఆ కింద వేరే చేతిరాతలో ఇంగ్లీషు. చదువు వచ్చిన పక్క మంచం ఆయనతో రాయించి ఉంటాడు. ముద్రలో సంవత్సరం అరబ్బీ అంకెల్లో ఉంది. ఆ అంకెలు వచ్చినవాళ్లు చదివితే 1984.

డేగ బొమ్మ బావుంది. మీ వేళ్లు కవరు మూల పట్టుకున్నాయి, బిళ్ల వరకు చింపుకోవడానికి.

"ఆగండాగండి! చింపకండి బాబూ."

పక్కన ఎప్పుడొచ్చి కూర్చున్నాడో ఒక పెద్దాయన. పొట్టి చేతుల చొక్కా, జేబులో పెన్నుతో పాటు ఒక సన్నని ట్వీజర్. కవరు మీ చేతిలోంచి తీసుకుని వెనక్కి తిప్పి చూపిస్తాడు. అక్కడ ఇంకో గుండ్రటి ముద్ర, ఊరి పోస్టాఫీసు డెలివరీ ముద్ర. ముందు తేదీకీ ఈ తేదీకీ తొమ్మిది రోజుల తేడా.

"ఆ డేగ బిళ్లకి రెండు రూపాయలు కూడా రాదు. లక్షల్లో అచ్చేసి ఉంటారు. కవరు మొత్తం ఉంటే ఒక మనిషి ఎక్కడికి పోయాడు, అక్కణ్నుంచి ఇంటికి ఎంత ఖర్చుపెట్టి ఉత్తరం వేశాడు, అది ఎన్నాళ్లకి చేరింది, అంతా ఉంటుంది. మీరు చింపేస్తే మిగిలేది డేగ."

మీరు పెట్టె మొత్తం ధర అడిగారు. వెయ్యి అన్నాడు టార్పాలిన్ ఆయన. మీరు నోరు తెరిచేలోపు పెద్దాయనే అందుకున్నాడు. "రద్దీ కాయితానికి వెయ్యి రూపాయలేందయ్యా? మూడొందలు తీస్కో." "ఏడొందల్ లేకుంటె రాదు సార్, గిది దుబాయ్ మాల్." ఐదు వందల దగ్గర ఇద్దరూ అలిసిపోయారు. డబ్బు మీది, బేరం ఆనందం ఆయనది. పెట్టె చంకలో పెట్టుకుని ఆయన వెంట నడుస్తున్నారు.

నెహ్రూ విగ్రహం దాటి, జీపీఓ గోడ పక్కగా. కొత్త బిళ్లలు సేకర్తలకు అమ్మే ఫిలాటెలిక్ బ్యూరో ఉన్నది ఈ జీపీఓలోనే. ఆయన అటు తల కూడా తిప్పలేదు. రెండు సందులు తిరిగి, మెట్లెక్కి, ఒక పొడవాటి గదిలోకి తీసుకొచ్చాడు. బల్లలు చేర్చి వేసి ఉన్నాయి. చుట్టూ పాతికమంది దాకా బిళ్లల సేకర్తలు ఉన్నారు, ఎక్కువ మంది జుట్టు నెరిసినవాళ్లే. అందరి మెడ మీదా చెమట, అందరి చేతిలోనూ రుమాలు. పైన నాలుగు ఫ్యాన్లున్నాయి. ఒక్కటీ తిరగడం లేదు. కొత్తవాళ్లెవరైనా స్విచ్చి వైపు వెళ్తే గది మొత్తం ఒకేసారి "వద్దు!" అంటుంది. గాలికి ఒక్క బిళ్ల ఎగిరి బల్ల కిందికి పోయిందంటే మిగతా ఆదివారం అంతా దాన్ని వెతకడమే.

పెద్దాయన సంచిలోంచి నల్ల అట్ట స్టాక్‌బుక్ తీశాడు. నల్లటి పేజీల మీద అడ్డంగా పారదర్శకమైన పట్టీలు, వాటి వెనక వరసగా బిళ్లలు. ట్వీజర్ మీకు ఇచ్చాడు. వేళ్లతో ముట్టుకోనివ్వడు. చేతి నూనె కాగితానికి అంటితే ఇవాళ ఏమీ తెలియదు, పదేళ్లకి పసుపు మచ్చ పైకొస్తుంది.

"హైదరాబాద్‌కి సొంత తపాలా ఉండేదని తెలుసా?"

మొదటి బిళ్ల 1869లో వచ్చింది, ఒక అణా, ఆలివ్ ఆకుపచ్చ. బ్రిటన్‌లో ప్రపంచపు మొట్టమొదటి బిళ్ల పెన్నీ బ్లాక్ వచ్చిన 1840కి ఇరవై తొమ్మిదేళ్ల తరవాత, కరాచీ వైపు ఆసియాలోనే మొదటిదైన సిందే డాక్ వచ్చిన 1852కి పదిహేడేళ్ల తరవాత. ఆయన పేజీ తిప్పాడు. 1871 నాటి అర్ధణా. భూతద్దం మీ కంటికి దగ్గరగా పెట్టుకుని బిళ్ల మీదకి వంగండి. ముందు రంగు ఒక్కటే కనిపిస్తుంది. తరవాత నడుమ ఉర్దూ. అంచుల్లో ఇంగ్లీషు. ఇంకొంచెం దగ్గరికి. మరాఠీ. దానికి ఎదురుగా, గోరంత చోటులో, తెలుగు.

ఆ అక్షరాలు చూడగానే ఎవరైనా ఒకసారి తలెత్తి పక్కవాళ్ల మొహం చూస్తారు. మీరూ చూశారు. పెద్దాయన ఆ క్షణం కోసమే ఎదురుచూస్తున్నట్టున్నాడు. ఈ అచ్చు చెక్కింది లండన్‌లోని బ్రాడ్‌బరీ విల్కిన్సన్ కంపెనీ. అక్కడ ఉలి పట్టుకున్నవాడికి తెలుగు వచ్చి ఉంటుందని నేననుకోను. ఎవరో కాగితం మీద రాసిచ్చిన వంపుల్ని బొమ్మ గీసినట్టు చూసి చెక్కి ఉంటాడు. అలా వేల ఉత్తరాల మీద ఎక్కి మన అక్షరం తిరిగింది.

తరవాతి పేజీ 1931. ఇక్కడ కొంచెంసేపు ఆగాలి, వరసగా చూడాలి. ఒక అణాకి చార్మినార్. రెండణాలకి హైకోర్టు. నాలుగణాలకి ఉస్మాన్‌సాగర్. ఎనిమిదణాలకి అజంతా గుహల ద్వారం. పన్నెండణాలకి బీదర్ మదరసా. రూపాయికి దౌలతాబాద్ విజయస్తంభం. ఈనాటి తెలంగాణ, మహారాష్ట్ర, కర్ణాటక ఒక్క వరసలో నిలబడి ఉన్నాయి. నిజాం రాజ్యం ఎంత దూరం ఉండేదో పాఠ్యపుస్తకంలో పటం చూస్తే కొలత తెలుస్తుంది. ఇక్కడైతే ధరల పట్టికలా తెలుస్తోంది, పావలాకి చెరువు, రూపాయికి స్తంభం. 1937 రజతోత్సవ బిళ్లల్లో ఉస్మానియా ఆసుపత్రి, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నాయి. 1947లో వచ్చిన వాటిలో వరంగల్ కోట కాకతీయ తోరణం, గోల్కొండ.

"ఇదిగో, ఇది నా ప్రాణం" అని ఆయన ఒక మామూలు కవరు తీశాడు. గోధుమరంగు, మూల నలిగింది. దాని మీద నిజాం బిళ్ల. ముద్రలో తేదీ 1949. ఒకసారి లెక్క వేసుకోండి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య అయిపోయింది. ఆ తరవాత కూడా నిజాం పేరున్న బిళ్లతోనే ఊళ్లల్లో ఉత్తరాలు నడిచాయి. సంస్థానం తపాలా భారత తపాలాలో కలిసింది 1950లో. అధికారం మారిన రోజు చరిత్ర పుస్తకంలో ఉంటుంది. మార్పు పోస్టాఫీసు కిటికీ దాకా రావడానికి ఎంతకాలం పట్టిందో ఈ నలిగిన కవరు చెబుతుంది. నిజాం పాలనలో సంస్థానం దాటి వెళ్లే ఉత్తరానికి నిజాం బిళ్ల పనికొచ్చేది కాదు, బ్రిటిష్ ఇండియా బిళ్ల కావాల్సి వచ్చేది. బెజవాడలో ఉన్న అక్కకి ఉత్తరం రాయాలంటే పరదేశం బిళ్ల అంటించాల్సిందే.

బల్ల అటు చివర చిన్న గొడవ. ఒక నడివయసాయన తాతగారి ఆల్బమ్ తెచ్చి ధర అడుగుతున్నాడు. ఎక్కడో చదివాడట, గాంధీ బిళ్ల కోట్లు పలికిందని. అది నిజమే. 1948 ఆగస్టు 15న గాంధీ బొమ్మతో నాలుగు బిళ్లలు వచ్చాయి. స్విట్జర్లాండ్‌లో అచ్చు వేయించారు. అందులో పది రూపాయల బిళ్ల మీద గవర్నర్ జనరల్ కార్యాలయం కోసం 'సర్వీస్' అని అదనంగా అచ్చొత్తినవి వంద మాత్రమే. అలాంటి నాలుగు బిళ్లల పట్టీ 2017లో ఐదు లక్షల పౌండ్లకు అమ్ముడైంది. ఈయన ఆల్బమ్‌లో ఉన్నది అణాన్నర గాంధీ. పైగా ఫెవికాల్‌తో పుస్తకానికి అంటించి ఉంది. ఎవరూ నవ్వలేదు. ఒకాయన మెల్లగా "అమ్మకండి, ఇంట్లో ఉంచుకోండి" అన్నాడు. లాటరీ టికెట్ అనుకుని ఈ గదిలోకి వచ్చేవాళ్లు మళ్లీ నెల రారు. స్వాతంత్ర్యం తరవాతి మన బిళ్లల్లో చాలావాటికి పెద్ద విలువ లేదు, అందుకే అవి పిల్లలకు అందుబాటులో ఉన్నాయి.

పిల్లలంటే, ఉంది ఒక పిల్ల. ఎనిమిదో తరగతి. పక్కన వాళ్లమ్మ. అమ్మ వచ్చింది స్కాలర్‌షిప్ కోసం: తపాలా శాఖ 2017లో మొదలుపెట్టిన దీన్‌దయాళ్ స్పర్శ్ పథకంలో ఆరు నుంచి తొమ్మిది తరగతుల పిల్లలకు ఏడాదికి 6,000 రూపాయలు ఇస్తారు, బిళ్లల మీద క్విజ్, ప్రాజెక్టు ఉంటాయి. పిల్ల మాత్రం స్కాలర్‌షిప్ సంగతి మరిచిపోయినట్టుంది. పక్షులు తప్ప ఇంకేవీ తీసుకోదు. 1975లో మన దేశం విడుదల చేసిన నాలుగు పక్షుల బిళ్లల్లో మూడు ఆమె దగ్గరున్నాయి: పిట్టా, ఓరియోల్, మోనాల్. నాలుగోది, ట్రాగోపాన్, ఒక తాతయ్య పుస్తకంలో కనిపించింది.

"తాతయ్యా, దీనికి ఏం కావాలి?"

"నీ దగ్గరేముంది?"

ఆమె తన డబ్బాలోంచి రెండు రైళ్లు తీసింది. ఆయన రైళ్లవాడు. ఒక రైలు ఆయన దగ్గర ఉన్నదే, అయినా తీసుకున్నాడు. ట్రాగోపాన్ బల్ల దాటింది. కాటలాగ్ ధర ప్రకారం ఆయన నష్టపోయాడు.

ఇంతలో టీ వచ్చింది. టీ గ్లాసులు బల్ల మీద పెట్టనివ్వరు కాబట్టి అందరూ వరండాలోకి. అసలు మాట అక్కడ మొదలైంది.

జీన్స్ వేసుకున్న ముప్పై ఏళ్లాయన కొత్త బిళ్లల పక్షం. 2006లో వచ్చిన గంధం బిళ్ల వేలితో రుద్దితే వాసన వస్తుంది, 2007లో గులాబీ, తరవాత మల్లె, 2017లో కాఫీ. 2011లో ఖాదీ గుడ్డ మీద అచ్చేసిన గాంధీ బిళ్ల. డబ్బు కడితే మన ఫొటోతోనే బిళ్లలు వేసిచ్చే 'మై స్టాంప్'. బ్యూరోలో డిపాజిట్ ఖాతా తెరిస్తే కొత్తవన్నీ ఇంటికే వస్తాయి. "ఇవి లేకుంటే కొత్తవాళ్లు ఎట్లొస్తరు సార్?"

పెద్దాయన టీ ఊదుకుంటూ అన్నాడు: "నీ కాఫీ బిళ్ల అంటించిన ఉత్తరం నీకెప్పుడైనా వచ్చిందా?"

రాలేదు. ఎవరికీ వచ్చి ఉండదు, అది వంద రూపాయల బిళ్ల. అచ్చయి, కవర్లోకి ఎక్కి, ఆల్బమ్‌లో పడుకుంది. ఇంకోవైపు నిజంగా ఊళ్లు తిరిగే తపాలా మీద ఇప్పుడు బిళ్ల అరుదు. కౌంటరులో అంటించేది బార్‌కోడు స్టిక్కరు. 2025లో రిజిస్టర్డ్ పోస్టు కూడా స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. డెన్మార్క్‌లో అయితే ఇంకా దూరం వెళ్లారు. 1624 నుంచి నడిచిన ఉత్తరాల బట్వాడాని అక్కడి పోస్ట్‌నార్డ్ 2025 డిసెంబరు 30తో ఆపేసింది. జీన్స్ ఆయన కూడా ఈ మాటకి గ్లాసు కింద పెట్టాడు.

నా పక్షం పెద్దాయనదే, కానీ పూర్తిగా కాదు. తపాలా శాఖ ఏటా వేసే కొత్త రంగుల మీద బతికే సరదా, ఆ శాఖ ఎప్పుడు ఆపితే అప్పుడు ఆగిపోతుంది. ప్రయాణం చేసిన కవర్ల మీద బతికే సరదాకి ఇంకో వందేళ్లకి సరిపడా సరుకు ఇప్పటికే అటకల మీద ఉంది. అణాలు చెలామణి ఆగి అరవై ఏళ్లు దాటింది, అణాలు పోగుచేసేవాళ్లు తగ్గలేదు. బిళ్లల సేకర్తలు బడికి పదిమంది చొప్పున ఉన్న రోజులు మళ్లీ రావు, ఆ లెక్క వదిలేసుకోవడం మంచిది. ఉన్న కొద్దిమందికి పనిముట్లు మాత్రం పెరిగాయి. ఒకప్పుడు కోరుట్లలో కూర్చున్న సేకర్తకి సొంత ఊరి పాత ముద్ర కావాలంటే అదృష్టం కలిసిరావాలి. ఇవాళ జీన్స్ ఆయన ఫోనులో ఉన్న వాట్సాప్ గ్రూపులో అడిగితే లండన్‌లో ఎవరి దగ్గరుందో సాయంత్రానికి తెలుస్తుంది. గంధం వాసన పట్టుకుని వచ్చిన పిల్లాడు నిజాం కవరు దగ్గర ఆగితే ఆ గంధానికి నేను దండం పెడతాను. ఆగుతాడా అన్నదే ప్రశ్న. ఆపేవాళ్లు ఈ వరండాలో కొందరున్నారు.

రాత్రి. వంటింట్లో గట్టు ఖాళీ చేసుకున్నారు. "ఇప్పుడీ నీళ్ల గోలేంటి?" అని లోపలి గదిలోంచి అడిగారు, మీరు వినలేదు. పెట్టె అడుగున ఎవరో అప్పటికే చింపేసిన ముక్కలున్నాయి. వాటికి కవరు యోగం లేదు కనుక వాటిని నానబెట్టవచ్చు.

వెడల్పు పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు. ఎర్ర కవరు ముక్కలు వేరుగా పెట్టండి, ఆ రంగు నీళ్లలోకి దిగి మిగతా వాటికి ఎక్కుతుంది. మిగిలినవి బొమ్మ పైకి ఉండేలా వదలండి. మొదటి ఐదు నిమిషాలు ఏమీ జరగదు. చెయ్యి ఊరుకోదు, మూల పట్టుకుని లాగాలనిపిస్తుంది. లాగితే కాగితం పలచబడుతుంది, వెలుగుకి పెట్టి చూస్తే ఆ చోట మసకగా కిటికీ తెరిచినట్టుంటుంది, బిళ్ల పాడైనట్టే. ఇరవై నిమిషాలకి ఒకటి తనంతట తను కదిలింది. కాగితం కిందికి దిగింది, బిళ్ల పక్కకి జారింది. ట్వీజర్‌తో ఎత్తండి. వెనక వేలితో తాకితే జిగురు ఇంకా జారుతోంది. ఇంకో పళ్లెంలో మంచినీళ్లలో ఒకసారి ముంచి, తెల్ల కాగితం మీద బోర్లా ఆరబెట్టండి. వార్తాపత్రిక వద్దు, సిరా అంటుతుంది. రెండు ముక్కలు ఎంతసేపైనా ఊడవు. అవి స్టిక్కరు రకం బిళ్లలు, నీళ్లు వాటిని ఏమీ చేయలేవు. చుట్టూ కాస్త కాగితం ఉంచి కత్తిరించి అలాగే దాచుకోవాలి. ఆరినవి చుట్టుకుపోతాయి. వాటిని తెల్ల కాగితాల మధ్య పెట్టి మీ ఇంట్లో అన్నిటికంటే బరువైన పుస్తకం కింద ఉంచండి. నిఘంటువు ఉంటే మేలు.

అవి ఆరేలోపు గల్ఫ్ కవర్లు బల్ల మీద పరిచారు. దేశాల వారీగా పేర్చుదామనుకున్నారు గాని, చెయ్యి ఊళ్ల వారీగా పేర్చుకుంటూ పోయింది. ఒకే ఊరికి పదకొండు కవర్లున్నాయి, మూడు వేరు వేరు చేతిరాతలు. చిరునామా చివర ఎక్కువ వాటికి 'కరీంనగర్ జిల్లా, ఆంధ్రప్రదేశ్'. ఆ ఊళ్లన్నింటికీ 2014లో రాష్ట్రం మారింది, 2016లో చాలావాటికి జిల్లా కూడా మారింది. ఊరు అంగుళం కదల్లేదు. తేదీల ప్రకారం పేర్చి చూస్తే ఒకతను మొదట బహ్రెయిన్ నుంచి రాశాడు, మధ్యలో ఏడాదిన్నర ఖాళీ, తరవాత అదే రాత సౌదీ నుంచి. ఆ ఖాళీలో ఇంటికొచ్చాడా, రాయలేకపోయాడా?

ఒక కవరు లావుగా ఉంది. లోపల ఉత్తరం ఇంకా అలాగే ఉంది.

చదవొచ్చా? సేకర్తల్లో దీనికి ఒకే జవాబు లేదు. చదవకపోతే కవరు సగం మూగదే అంటారు కొందరు. రాసినాయన బతికే ఉండొచ్చు, ఏ జగిత్యాల బస్టాండులోనో ఇప్పుడు టీ తాగుతూ ఉండొచ్చు. రాజుల ఉత్తరాలకు వర్తించే న్యాయం కూలివాడి ఉత్తరానికి నలభై ఏళ్లకే వర్తిస్తుందని నేననుకోను. మీరు మడత విప్పలేదు. పైన తేదీ, ఊరు మాత్రం పెన్సిల్‌తో చిన్న చీటీ మీద రాసి కవరుతో పాటు పెట్టారు. మంచి పని చేశారు.

గల్ఫ్‌కి వెళ్లినవాళ్ల గురించి కథలొచ్చాయి, పాటలొచ్చాయి, లెక్కలొచ్చాయి. వాళ్ల ఉత్తరాలను పోగుచేసి వరసగా పేర్చిన సేకరణ మాత్రం నా కళ్ల పడలేదు. అమెరికా వెళ్లిన మొదటి తరం డాక్టర్ల ఏరోగ్రామ్‌లదీ అదే కథ. ఫిలాటెలీకి భవిష్యత్తు ఏదని అడిగేవాళ్లు ముందు ఈ పెట్టెల్లో చెయ్యి పెట్టి చూడాలి. తెలుగువాళ్లు మాత్రమే చేయగల సేకరణ ఇది, బిళ్లకి రెండు రూపాయలు కూడా పెట్టక్కర్లేదు.

కాబట్టి ఈ దసరాకి ఇల్లు సర్దేటప్పుడు అటక మీది ట్రంకు పెట్టె దించితే, లోపలి కాగితాలు రద్దీవాడికి తూకానికి వేయకండి. బిళ్ల బావుందని మూల కత్తిరించకండి. సెల్లో టేపు వద్దు, లామినేషన్ అసలే వద్దు. తడి తగలని చోట పెట్టి, ఎవరు ఎవరికి రాశారో తెలిసినవాళ్లు ఇంట్లో ఉండగానే ఒక కాగితం మీద రాయించి పెట్టండి. ఇంకో పని కూడా ఉంది, అది ఇంకా తేలిక. దూరాన ఉన్న ఎవరికైనా ఈ వారం ఒక ఉత్తరం రాయండి. ఫ్రాంకింగ్ ముద్ర వద్దని, బిళ్లే కావాలని కౌంటరులో అడగండి. ముద్ర అలుక్కుపోకుండా వేయమని చెప్పండి. దేశం లోపలికైతే, ఇరవై గ్రాముల లోపు ఉత్తరానికి ఐదు రూపాయల బిళ్ల చాలు.